శేరు పోయింది, టీఎంసీ మిగిలింది

ఆగస్టులో కృష్ణకు వరద మొదలైందంటే కర్నూలు, కడప జిల్లాల పేపర్లు అంకెలతో నిండిపోతాయి. శ్రీశైలం నీటిమట్టం అడుగుల్లో, పైనుంచి వచ్చే ప్రవాహం క్యూసెక్కుల్లో, గండికోట నిల్వ టీఎంసీల్లో ఉంటాయి. అదే పేజీలో పక్క కాలమ్ చూస్తే ప్రొద్దుటూరు బంగారం గ్రాముల్లో, కర్నూలు యార్డు ఉల్లి క్వింటాళ్లలో, నిన్న కురిసిన వాన మిల్లీమీటర్లలో కనిపిస్తాయి. ఒకే కాగితం మీద రెండు కొలమానాలు. గ్రాములు, మిల్లీమీటర్లది విప్లవకాలపు ఫ్రాన్సులో పుట్టింది, అడుగుల మీద ఆధారపడ్డ క్యూసెక్కులు, టీఎంసీలది మనల్ని ఏలిన ఇంగ్లండు నుంచి వచ్చింది. చదివే రైతుకు ఈ రెండూ ఒకచోట ఉండటం వింతగా తోచదు. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ ఒక రాత్రీ పారితే ఒక టీఎంసీ అవుతుందని తడుముకోకుండా చెప్పేవాళ్లు రాయలసీమలో ఊరూరా దొరుకుతారు.

భారతదేశం మెట్రిక్ కొలతలకు మారి అరవై ఏళ్లు దాటింది. ఆ మార్పులో మన శేరు, వీశె, మణుగు పోయాయి. పరాయివాడి అడుగు, ఎకరం మాత్రం పోలేదు. కొలతలు మార్చుకోని దేశాల సంగతి వచ్చినప్పుడల్లా జాతి గర్వమే అడ్డం పడిందని చెప్పడం అలవాటు. గర్వమే కారణమైతే ఇక్కడ సొంతవి నిలిచి పరాయివి పోవాలి కదా? జరిగింది దానికి తలకిందులు. సీమలో ఏ కొలత పోయిందో, ఏది నిలిచిందో ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తే అసలు కారణం బయటపడుతుంది.

రాజు మారితే గొలుసు మారేది

గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి 14 శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో 13వది గ్రీకు రాజుల ప్రస్తావన చేస్తూ ఆరు వందల యోజనాల దూరం అంటుంది. యోజనం సరిగ్గా ఎంత అన్నదానిపై పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు కట్ట పొడవు 5,000 రేఖాదండాలనీ, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేశాయనీ అందులో లెక్క ఉంది. చెరువు నేటికీ ఉంది. దాన్ని కొలిచిన దండం మాత్రం లేదు.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాక, తొలి కలెక్టరు థామస్ మన్రో పొలాలన్నీ కొలిపించాడు. ఆయన సర్వే గుమాస్తాల చేతిలో ఉన్నది 33 అడుగుల గొలుసు. నాలుగు పక్కలా ఒక్కో గొలుసు వస్తే గుంట, అలాంటివి నలభై అయితే ఎకరం. 33ను 33తో గుణిస్తే 1,089. దాన్ని నలభైతో గుణిస్తే 43,560 చదరపు అడుగులు. ఎకరం లెక్క ఇప్పటికీ అదే. 1839 దాకా నవాబుల చేతిలో ఉన్న కర్నూలుకు కూడా ఆ తర్వాత ఇదే ఎకరం వచ్చింది.

బరువుల తీరు ఇంకా చిక్కు. మద్రాసు పట్టికలో 24 తులాలు ఒక శేరు, ఐదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. 1939లో కేంద్రం తెచ్చిన తూకాల చట్టంలో 80 తులాలు శేరు, నలభై శేర్లు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి మద్రాసు శేరు 280 గ్రాములైతే, చట్టం శేరు 933 గ్రాములు. మద్రాసు మణుగు 11 కిలోల పైచిలుకు, చట్టం మణుగు 37 కిలోల పైచిలుకు. పేరు ఒకటే, బరువు మూడింతలకు పైగా తేడా. ధాన్యానికి వాడే పడి, తూము అసలు బరువులే కావు. పాత్రలో పట్టినంత కొలిచేవి. అదే తూముకు జొన్నలు ఒక తూకం తూగితే కొర్రలు ఇంకో తూకం తూగేవి. ఇక కర్నూలు నుంచి తుంగభద్ర దాటి అలంపురం వెళ్తే రూపాయే మారిపోయి, నిజాం హాలీ సిక్కా చేతికొచ్చేది. ఈ తికమకలో లాభపడేవాడు కొలిచేవాడే, నష్టపోయేవాడు పండించినవాడు.

సగాల లెక్క, పదుల లెక్క

అయినా పాత కొలతలకు ఒక తర్కం ఉంది. వాటిలో 4, 8, 16, 64 పదే పదే వస్తాయి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, మొత్తం 64. దీని వెనక ఉన్నది త్రాసు. తూకపు రాయి ఒక్కటీ లేకపోయినా, రెండు తట్టల్లో సరుకును సరిసమానంగా సర్దితే సగం వస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సర్దితే పావు, ఇంకోసారి సర్దితే అరపావు. చదువు అక్కర్లేదు, కూడికలు అక్కర్లేదు. అదే త్రాసుతో సరుకును పది సమభాగాలు చేయమంటే కష్టం, ఎందుకంటే పదిలో ఐదు ఉంది. ఎన్నిసార్లు సగాలు చేసినా ఐదో వంతు రాదు.

కాగితం మీదికి వచ్చేసరికి పది గెలుస్తుంది. మూడు మణుగుల ఐదు వీశెల రెండు శేర్ల వేరుశనగకు మణుగు ధర తెలిస్తే మొత్తం కట్టడానికి ఎనిమిదితో ఒకసారి, ఐదుతో ఒకసారి తిప్పలు పడాలి. అదే సరుకు కిలోల్లో ఉంటే ఒక్క గుణకారంతో తేలిపోతుంది. మెట్రిక్ తూకపు రాళ్లు చేసినవాళ్లు ఈ రెండు బుద్ధులనూ కలిపారు. 500, 200, 100, 50 గ్రాముల రాళ్లుంటే అర కిలోకు ఒక రాయి చాలు, పావుకు 200, 50 కలిపితే సరి. అందుకే చట్టం పదుల్లో ఉన్నా మన నోట పావు, అర, ముప్పావు చెక్కుచెదరలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తులం కూడా బతికే ఉంది. అయితే ఇప్పుడు వ్యవహారంలో తులమంటే నిండు 10 గ్రాములు. పేరు పాతది, లోపలి బరువు కొత్తది.

గర్వం ఎటువైపు నిలిచింది?

మన దేశానికి కిలోను మొదట తేబోయింది ఒక ఇంగ్లీషు ప్రభుత్వమే. లార్డ్ మేయో వైస్రాయిగా ఉండగా 1871లో చేసిన చట్టం శేరు బరువును సరిగ్గా కిలోగ్రాముకు సమానం చేసింది. మరుసటి ఏడాది ఆయన అండమాన్‌లో హత్యకు గురయ్యాడు. ఆ చట్టం అమలుకు నోచుకోలేదు. తర్వాత దశాంశ పద్ధతి కోసం గట్టిగా మాట్లాడింది స్వదేశీయులు. కలకత్తాలో ఫణీంద్రనాథ్ సేఠ్ నడిపిన ఇండియన్ డెసిమల్ సొసైటీ, స్వాతంత్ర్యం తర్వాత భారతీయ ప్రమాణాల సంస్థకు డైరెక్టరుగా ఉన్న లాల్ చంద్ వర్మన్ ఇందులో ముందున్నారు. నెహ్రూ వీళ్ల వైపు నిలిచాడు.

కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న కాలంలోనే, 1955లో, పార్లమెంటు నాణేల చట్టాన్ని సవరించింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1956 డిసెంబరులో వచ్చిన తూకాలు, కొలతల చట్టం 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి మెట్రిక్ తూకాలను తప్పనిసరి చేసింది. జనం సణిగిన మాట నిజమే. అణా 6.25 నయాపైసలకు సమానం. పావు పైసా ఎవరూ ఇవ్వలేరు కాబట్టి అణాకు ఆరు పైసలే వచ్చాయి, రెండణాల బేడకు పన్నెండే. ఆ గొడవ చిల్లర గురించి, దేశాభిమానం గురించి కాదు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశానికి దొరల పౌను, గజం వదిలించుకోవడమే గౌరవంగా తోచింది. అంటే ఇక్కడ గర్వం మార్పు పక్షాన నిలిచింది.

ఇంగ్లండులో దీనికి ఎదురు జరిగింది. పరిశ్రమల ఒత్తిడితో 1965లో మెట్రిక్ బాట పట్టినా, రోడ్ల పక్కన ఈనాటికీ మైళ్లే. సండర్లాండ్‌లో పౌన్ల లెక్కన అరటిపళ్లు అమ్మిన స్టీవ్ థోబర్న్ అనే వ్యాపారిని 2001లో కోర్టు దోషిగా తేలిస్తే, ఒక వర్గం పత్రికలు ఆయన్ను వీరుణ్ని చేశాయి. అయితే 2022లో ప్రభుత్వం పాత కొలతలను తిరిగి తేవాలా అని జనాన్ని అడిగినప్పుడు, స్పందించినవాళ్లలో 98 శాతానికి పైగా మెట్రిక్ వైపే మొగ్గారు. అమెరికా 1975లో మెట్రిక్ మార్పిడి చట్టం చేసి, దాన్ని ఇష్టమున్నవాళ్ల పనిగా వదిలేసింది. ఆ పని చూడాల్సిన బోర్డును 1982లో రీగన్ ప్రభుత్వం ఎత్తేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికా పౌనుకు 1893 నుంచీ ఆధారం కిలోగ్రామే. 1959లో ఇంగ్లీషు మాట్లాడే ఆరు దేశాలు కలిసి అడుగును సరిగ్గా 0.3048 మీటరుగా స్థిరపరిచాయి. కాబట్టి మెట్రిక్ వద్దని జెండా ఎగరేసేవాళ్ల అడుగు కూడా మీటరు ముక్కే. మన టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2 కోట్ల 83 లక్షల 16 వేల 846 ఘనపు మీటర్లు, పైన ఇంకొంచెం.

తీరిపోయే లెక్క, తీరని లెక్క

మరి మనం ఈ ఘనపుటడుగులను ఎందుకు వదల్లేదు? కిలో కందిపప్పు కొంటే డబ్బు చెల్లించగానే ఆ లెక్క ముగిసిపోతుంది. రేపు శేరు బదులు కిలో వచ్చినా నిన్నటి పప్పు గురించి ఎవరూ తగాదా పడరు. భూమి, నీరు అలా కావు. తాత రాయించుకున్న దస్తావేజు మనవడి చేతిలో ఉంటుంది. అందులో 4 ఎకరాల 37 సెంట్లు అని ఉంటే, అన్నదమ్ముల పంపకమైనా కోర్టు దావా అయినా ఆ అంకె మీదే నడుస్తుంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం మెట్రిక్ తప్ప ఇంకే కొలతా చెల్లదన్నా, కడపలో ఇంటి స్థలం సెంట్లలోనే అమ్ముడవుతోంది. స్థలం సెంట్లలో, ఇల్లు చదరపుటడుగుల్లో ఉన్నంతకాలం బేతంచెర్ల నాపరాళ్ల ధర కూడా అడుగు లెక్కనే పలుకుతుంది.

నీటి హక్కు ఇంకా బిగువైనది. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి కర్నూలు–కడప (కేసీ) కాలువ తవ్వింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. ఆనాటి ఇంజినీర్లకు క్యూసెక్కు చేతికి అందివచ్చిన కొలత. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున ఒక రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు, అంటే రెండెకరాల్లో దాదాపు అడుగు లోతు నీళ్లు. ఒక క్యూసెక్కు ఎన్ని ఎకరాలు తడుపుతుందో చెప్పే అంకెను వాళ్లు డ్యూటీ అన్నారు. కాలువల రూపకల్పన అంతా దానిమీదే సాగింది.

ఆ తర్వాత కృష్ణ నీటి పంపకం తేల్చే బచావత్ ట్రైబ్యునల్ వచ్చింది. 1969లో ఏర్పడిన ఆ ట్రైబ్యునల్ కృష్ణలో 75 శాతం నమ్మకంతో దొరికే నీటిని 2,060 టీఎంసీలుగా తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. కేసీ కాలువ వాటా 39.90 టీఎంసీలు. ఇప్పుడు ఈ 2,060ని మెట్రిక్‌లోకి మార్చి చూడండి. 5,833 కోట్ల 27 లక్షల ఘనపు మీటర్లు వస్తాయి. ఎవరో ఒక గుమాస్తా చూడ్డానికి బాగుంటుందని 5,830 కోట్లుగా కుదించాడనుకుందాం. ఆ ఒక్క కలంపోటుతో టీఎంసీకి పైగా నీరు మాయమవుతుంది. టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి పైరు అన్నది సీమలో అందరూ చెప్పుకునే లెక్క. అణా మార్పిడిలో పోయింది పావు పైసా, ఇక్కడ పోయేది ఒక మండలం పంట. మూడు రాష్ట్రాలు దశాబ్దాల తరబడి వాదించి సాధించుకున్న అంకెను ముట్టుకోవడానికి ఏ ప్రభుత్వమూ సాహసించదు.

మార్చినట్టు కనిపించిన చోట కూడా పాత అంకె లోపల దాగి ఉంటుంది. కర్ణాటకలో కృష్ణ మీది ఆలమట్టి ఆనకట్ట ఎత్తు తగాదా కాగితాల మీద మీటర్లలోనే నడిచింది: 519.6 మీటర్లా, 524.256 మీటర్లా? ఈ రెండో అంకెలో దశాంశం తర్వాత మూడు స్థానాలు ఎక్కడివో తెలియాలంటే దాన్ని 0.3048తో భాగించాలి. సరిగ్గా 1,720 అడుగులు.

ఇది మనకే పరిమితం కాదు. అమెరికాలో కొలరాడో నది నీటిని 1922 ఒప్పందం ఎగువ, దిగువ రాష్ట్రాలకు చెరో 75 లక్షల ఎకరపుటడుగులుగా పంచింది. అక్కడి రైతు ఇప్పటికీ ఆ భాషలోనే మాట్లాడతాడు. ఆస్ట్రేలియా మాత్రం 1970 మెట్రిక్ చట్టం తర్వాత నీటి హక్కులను కూడా మెగాలీటర్లలోకి మార్చుకుంది. నీటి హక్కుల కొలత కూడా మారగలదని ఆ దేశం చూపింది.

అడుగు చెప్పనిది

టీఎంసీ, అడుగు మిగిలితే నష్టమేమిటి? అడుగుతోనే మొదలుపెడదాం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. అక్కణ్నుంచి సీమకు నీరు మళ్లించే పోతిరెడ్డిపాడు తూముల గడప 841 అడుగుల దగ్గర ఉంది. గడప మీద నీరు ఎంత ఎత్తున నిలిస్తే అంత వేగంగా పారుతుంది కాబట్టి మట్టం 854కు పడితే కాలువలోకి వచ్చేది బాగా తగ్గిపోతుంది. 44,000 క్యూసెక్కుల కాలువ ఉన్నా నిండుగా పారాలంటే జలాశయం నిండు మట్టానికి చేరువలో ఉండాలి. జలాశయంలో కనీస మట్టం 834 అడుగులా 854 అడుగులా అన్న వాదం ఏళ్ల తరబడి సాగడానికి కారణం ఇదే. ఇక్కడ అడుగు కొలిచేది మట్టాన్ని. కాలువకు కావాల్సింది కూడా మట్టమే.

నిల్వ సంగతి వేరు. కట్టినప్పుడు 885 అడుగుల దగ్గర శ్రీశైలంలో 308.06 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి, తర్వాతి సర్వేల్లో అది 215.81కి దిగింది. మట్టం చూపే కర్ర మీద ఒక్క గీత కూడా మారలేదు, 92 టీఎంసీల చోటు మట్టితో నిండిపోయింది. ఈ లోపం అడుగుదే కాదు, మీటరు పెట్టినా తప్పదు. అయితే ఏ అంకె దేన్ని కొలుస్తోందో జనానికి విడమరచి చెప్పకపోతే "డ్యామ్ నిండింది" అన్న వార్త 1984లోనూ నేడూ ఒకే అర్థం ఇస్తుందని పొరబడతాం.

అసలు నష్టం వాన దగ్గర ఉంది. ఒకప్పుడు వాననూ అంగుళాల్లో, అందులో నూరోవంతు సెంట్లలో రాసేవారు. పది సెంట్ల వాన పడిన రోజే వానరోజు. వాతావరణ శాఖ ఇప్పటికీ 2.5 మిల్లీమీటర్లను గీటుగా పెట్టుకోవడం దాని మిగులే. వాన మిల్లీమీటర్లకు మారింది, నది టీఎంసీల్లో ఉండిపోయింది. దాంతో ఈ రెండు నీళ్లూ మన బుర్రలో ఎక్కడా కలవవు.

మెట్రిక్‌లో వీటిని కలపడం చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా లీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. పాతిక మిల్లీమీటర్ల పదును వాన ఒక ఎకరం మీద కురిస్తే లక్ష లీటర్లు. ఉమ్మడి కడప జిల్లా విస్తీర్ణం 15,359 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతటా రెండంటే రెండు మిల్లీమీటర్లు పడితే 3 కోట్ల 7 లక్షల ఘనపు మీటర్లు, టీఎంసీ దాటింది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు కురిసే ఆ జిల్లా నెత్తిన పడే నీరు 380 టీఎంసీలు. నేటి శ్రీశైలం నిండా పట్టే నీటికి ఒకటిన్నర రెట్లకు పైనే. దీనిలో ఎక్కువ భాగం ఎండకు ఆవిరవుతుంది, పైర్లు తాగుతాయి, కొంత నేలలోకి ఇంకుతుంది. అంతా పట్టి నిలపగలిగేది కాదు, నది వాటాకు అది బదులూ కాదు. అయినా పోరుమామిళ్ల లాంటి చెరువులు కట్టినవాళ్లు ఏ నీటిని లెక్కలో పెట్టుకున్నారో ఈ అంకె చెబుతుంది. పేపర్లో ఒక మూల 2 మి.మీ. అని, ఇంకో మూల ఒక టీఎంసీ అని చదివేవాడికి ఆ రెండూ ఒకటేనని తట్టే అవకాశం లేదు.

బోరు దగ్గర మారిన కొలత

సీమలో నీటికి ఇంకో కొలత ఉంది. బోరు వేయించినప్పుడు ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయని అడుగుతారు. వీ-నాచ్ పలకలోని గంటు మీదుగా నీరు పారే ఎత్తు అది. రెండు ఇంచులంటే ఒక ఇంచుకు రెట్టింపు నీళ్లని చాలామంది అనుకుంటారు. గంటు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, నీటి వేగమూ పెరుగుతుంది. అందుకే లంబకోణపు గంటులో ఒక ఇంచుకు గంటకు 500 లీటర్లు వస్తే, రెండు ఇంచులకు దాదాపు 2,900 లీటర్లు వస్తాయి. ఐదు రెట్లకు పైనే. ఈ తేడా తెలియక పైరు ఎంచుకున్నవాడు అప్పులపాలవుతాడు.

కర్నూలు, కడపలతో సహా ఏడు కరువు జిల్లాల్లో 2003 తర్వాత ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం ఒకటి నడిచింది. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలు ఏపీఎఫ్ఏఎంజీఎస్. అందులో రైతులే ఊళ్లో వర్షమాపకం చూసి మిల్లీమీటర్లు రాశారు. బోరు మట్టాన్ని మీటర్లలో కొలిచారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో గడియారం పట్టి చూసి, బోరు పోసే నీటిని లీటర్లలో తేల్చారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఊరి కింద ఎంత నీరుందో, వేయబోయే పైర్లు ఎంత తాగుతాయో గోడ మీద కూడికలు, తీసివేతలు వేసుకున్నారు. తాసిల్దారు చెప్పినందుకో, చట్టం భయపెట్టినందుకో వాళ్లు లీటరును పట్టుకోలేదు. వానను, బోరును, పైరును ఒకే లెక్కలో కూడటానికి అదొక్కటే పనికొచ్చింది.

కొలతను మార్చేదీ నిలిపేదీ అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న సంగతి కాదు, దానిమీద ఏం ఆధారపడి ఉందన్న సంగతి. కృష్ణ వాటా టీఎంసీల్లో రాసి ఉన్నంతకాలం టీఎంసీని తుడిచేయడం కుదరని పని, తుడవమని అడగడం న్యాయమూ కాదు. చేయగలిగింది ఒకటుంది. ప్రాజెక్టు నివేదికల్లోనూ పేపర్లోనూ ప్రతి టీఎంసీ పక్కన కోట్ల ఘనపు మీటర్లు, జిల్లా వానలో అవి ఎన్ని మిల్లీమీటర్లకు సమానమో అచ్చువేస్తే చాలు. హక్కు పాత అంకెలోనే భద్రంగా ఉంటుంది. కాలువ నీళ్లకోసం కొట్లాడే రైతు, అదే లెక్కలో తన పొలం మీద పడే నీటిని కూడా కొలుచుకోగలుగుతాడు.